పెద్దచేప ఏమైంది

మరో నత్త చేపలతొట్టి అద్దం మీద పట్టు వదిలి ఇసుకలో పడింది. పడ్డది పడ్డట్టే ఉంది. రేణుక భుజం దాకా చెయ్యి ముంచి దాన్ని తీసి స్టీలు గిన్నెలో వేసింది. గిన్నెలో అప్పటికే నత్తలూ రొయ్యలూ కుప్పపడి ఉన్నాయి, హాలంతా నీచు కంపు. మొన్నటిదాకా ఉన్నాయో లేవో అన్నంత తేటగా ఉన్న నీళ్ళు ఈ పొద్దు బియ్యం కడిగిన కుడితిలా తయారయ్యాయి. తెల్లచారల నారింజ చేప ఒకటి పైకి తేలి మూతి బయటపెట్టి గాలి మింగుతోంది. అది జోడులో చిన్నది. రాళ్ళ సందులో నీలంరంగు చేప ఒకటి ఒరిగి ఉంది, ఇంకా కదులుతోంది. పెద్ద నారింజ చేప లేదు. నిన్న తెల్లారినప్పటి నుంచీ లేదు. రాళ్ళన్నీ ఎత్తి చూసింది, ఫిల్టరు విప్పి చూసింది, దూకి పడిందేమోనని సోఫాలు జరిపింది, టీవీ బల్ల వెనక టార్చి వేసింది. లేదు. పక్కన నీలం డ్రమ్ములో చిన్న మోటారుతో కొత్తనీళ్ళు గిర్రున తిరుగుతున్నాయి, బెంగళూరు నుంచి వచ్చిన సముద్రపు ఉప్పు వాటిలో కరగాలి, పూర్తిగా కరగందే తొట్టిలో పోయకూడదు, తొందరపడితే ఉన్న రెండూ పోతాయి. ఉప్పుకు గంట పడుతుంది. జమ్మలమడుగు గొర్రెల సంతకు పోయిన మామ తిరిగి రావడానికీ ఇంచుమించు అంతే. మామ వచ్చి కూర్చుంటే పంచాయితీ. బయట అరుగు మీద మాబున్ని కూర్చునే ఉంది, ఇంట్లో పనిచేసే మనిషి, నిన్నటి నుంచి దొంగ. చేపను ఎత్తుకుపోయింది, నీళ్ళలో ఫినాయిలు కలిపింది అని అత్త తేల్చేసింది, మామ ఔననడమే మిగిలింది. మామ ఔనన్నాడంటే ఈ వీధే కాదు, ప్రొద్దుటూరు మొత్తం మీద మాబున్నిని ఏ ఇల్లూ గడప తొక్కనివ్వదు. అననివ్వను అనుకుంది రేణుక. ఎట్లా ఆపాలో ఇంకా తెలియదు, ఆపడం మాత్రం ఖాయం.

"ఆ కంపు ముందు బయట పారేయ్ మ్మేయ్," వంటింట్లోంచి అత్త కేకేసింది. "పొయ్యి మీద అన్నముండాది. ఈ ఇంట్లో చచ్చిన గొర్రె గూడా ఇంత కంపు కొట్టలా."

"ఇంకా బతికిండేటివి ఉండాయత్తా."

"అవి గూడా పోనీ. పీడా వదులుతాది."

అరుగు మీద మాబున్ని ఊరుకునే రకం కాదు. "చేప కావల్లంటే మైలవరం డ్యాం కాడ తట్టలకు తట్టలు దొరుకుతాయి పెద్దమ్మా. ఈ చింతగింజంత దాన్ని ఎత్తకపోయి నేనేం పులుసు పెట్టేది? మా ఆయన మీసానికి గూడా అంటదు."

"అంగట్లో అమ్ముకునింటావు."

"ఏ అంగట్లో? పేరు చెప్పు, ఇప్పుడే పోయి మిగతా రెండూ గూడా అమ్ముకోనొస్తా."

ఆ కష్టంలోనూ రేణుకకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటే కోపం కూడా వచ్చింది, అంత సూటిగా మాట్లాడే మనిషిని దొంగ అనడానికి అత్తకు నోరెలా వచ్చిందని. కానీ నోరు ఈ ఇంట్లో ఎవరికి రాదు గనక. తొట్టి ఇంటికొచ్చిన రోజే అందరికీ వచ్చింది. బంగారు అంగళ్ళ వీధిలో పాత అంగడొకటి ఎత్తేస్తుంటే గాజులు చూడటానికని అత్త, మొగుడు మహేంద్ర, తను పోయారు. అత్త గాజులు చూస్తోంది, మహేంద్ర ఫోను చూస్తున్నాడు, తను మాత్రం మూలనున్న గాజుతొట్టి ముందు నిలబడిపోయింది. దానిలో రాళ్ళ మీద ఏవో పువ్వులు చేతులాడించినట్టు ఆడుతున్నాయి, వాటి మధ్య ఈ నారింజ జంట. ఇవి ఉప్పునీళ్ళలో తప్ప బతకవమ్మా అన్నాడు సేటు. తొండూరు పిల్ల రేణుక, బోరు తోడితే ఉప్పునీళ్ళొచ్చాయని మూడు ఊళ్ళు ఏడ్చిన చోట పెరిగింది. ఉప్పునీళ్ళలోనే బతికేవి ఉన్నాయని విని ఆమెకేమైందో ఏమో, గాజులొద్దు నాకు, ఇది కావాల అంది. ఆ మాట మీద నిలబడింది. అత్త ముక్కు మీద వేలేసుకుంది, పెళ్ళాం సముద్రం అడిగిందంట అని చీనీకాయల మండీలో మహేంద్రను చూసి పులివెందుల మొత్తం నవ్వింది. మామ తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, "పాలియ్యవు, ఉన్నియ్యవు, ఎరువన్నా ఎయ్యవు, ఏం మందమ్మా ఇది," అన్నాడు. అయినా మెట్ల కింద జాగా చూపించింది ఆయనే. ఎండ తగలగూడదేమో, ఈడ పెట్టుకో అన్నాడు. అది కూడా గుర్తుంచుకోవాలి. కోపంలో మనిషి మంచి మాటలన్నీ మరిచిపోతుంది, రేణుక మరిచిపోదలుచుకోలేదు.

డ్రమ్ములో ఉప్పు అడుగున ఇంకా తెల్లగా ఉంది. చేప మూతి తెరుస్తోంది, మూస్తోంది. జోడులో పెద్దదే ఆడది, పెత్తనం దానిదే, పెద్దది చస్తే చిన్నది కొన్నాళ్ళకు తానే ఆడదైపోతుందని తను చెప్తే మహేంద్ర నమ్మలేదు, మీ తొండూరు కథలు నా కాడ చెప్పొద్దు అన్నాడు. చేపలమ్మే షంషుద్దీన్ చెప్పినా నమ్మలేదు. షంషుద్దీన్‌ది జమ్మలమడుగే, బెంగళూరులో పెట్టుకున్నాడు అంగడి, బస్సులో సంచీలు పంపిస్తాడు. పొద్దున ఫోను చేస్తే, "ముందు ఏం చచ్చినాయమ్మా, చేపలా, నత్తలా?" అని అడిగాడు. నత్తలు, వాటి వెనకే రొయ్యలు అంది. "అయితే ఇది రోగం కాదు. ఏదో మందు పడింది. నీళ్ళు మార్చు, మార్చినాక బొగ్గు సంచి ఏలాడదియ్యి," అని పెట్టేశాడు. మందు. ఏ మందు? ఫినాయిలు అయితే ముందు చేపలే తేలాలి, పైగా ఈ ఇంట్లో ఫినాయిలు సీసా ఖాళీ అయి ఎన్నాళ్ళో అయింది, తెమ్మంటే తేవడం లేదని మాబున్నే రోజూ గోల పెడుతోంది. దోమల మందా, తొట్టి మీద మూత ఉంది. అత్త శుక్రవారం శుక్రవారం తొట్టికి పసుపూ కుంకుమా పెడుతుంది, ఎంత తిట్టినా గంగమ్మే గదా అని ఒక రూపాయి బిళ్ళ కూడా లోపలేస్తుంది. బొట్టు గాజు మీదే ఉంది, బిళ్ళ ఇసుకలో మెరుస్తూనే ఉంది, అది వేసి నెలలైంది. పిల్లి? పిల్లి చేపను తింటుంది, నీళ్ళలో మందు కలపదు. మాయమవడం ఒకటి, మందు పడటం ఒకటి. రెండూ ఒకే రాత్రి జరిగాయంటే రెండూ ఒకే చెయ్యి చేసిన పని. మూత తీసిన చెయ్యి, తిరిగి సరిగ్గా మూసిన చెయ్యి. దొంగ మూత పెట్టి పోతాడా? పెట్టినా ఆ పెద్దచేపను ఎందుకు ఎత్తుతాడు? నెమలికంఠం రంగులో మెరిసే నీలంచేప పక్కనే ఉండగా దాన్ని వదిలి, ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్లపలుకులు లేచి, తిండి మానేసి, మూలన నిలబడ్డ దాన్ని. సుస్తీ చేసినదాన్ని.

సుస్తీ చేసినదాన్ని.

ఇంకో నత్త కోసం ముంచిన చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది. తడి భుజం మీద నుంచి మోచేతికి కారుతోంది, అది చల్లగా ఉందో వెచ్చగా ఉందో తెలియడం లేదు. తొండూరులో వాన వచ్చి వెలిసిన సాయంత్రాలు ఇట్లాగే తడి తడిగా ఉండేవి, మంద దొడ్డికి వచ్చేటప్పుడు నాయన వాకిలి గడికాడ నిలబడి ఒక్కొక్కదాన్నీ చూసేవాడు, లెక్కపెట్టేవాడు కాదు, చూసేవాడు, చెవి వేలాడేది, ముక్కు కారేది, మందలో వెనకబడేది, అదిగో ఆ బొల్లిదాన్ని పట్టుకోండి అనేవాడు. తను పరుగెత్తి కాలు పట్టుకునేది. సుస్తీ చేసినదాన్ని మందలో ఉంచితే మందంతా పోతుంది, ముందు దాన్ని వేరుచెయ్యాల అనేవాడు. వేరుచేసి మూలన గంప కింద కమ్మేవాడు, పిల్లో కుక్కో ముట్టకుండా. గంప సందుల్లోంచి బొల్లిపిల్ల ముక్కు బయటపెట్టి తన వేలు నాకేది. అది గుర్తుకొస్తే ఇప్పటికీ వేలు కొన మీద గరుకుగా ఉంటుంది. పెద్ద పొట్టేలు ఒకటి ఉండేది, దానికి నాయన తప్ప ఎవరూ... కాదు, పొట్టేలు కాదు, తర్వాత ఏం చేసేవాడు? వేరుచేసినాక మిగతా మందకు ఏం చేసేవాడు? తొక్కుడుగుంట. దొడ్డి వాకిట్లో చిన్న గుంట, దానిలో నీళ్ళు, ఆ నీళ్ళలో మైలుతుత్తం, ఆకాశం ముక్కలు చేసి అమ్మినట్టుండే ఆ నీలి పలుకులు, మంద మొత్తాన్నీ దానిలోంచి తోలేవాడు, గిట్టలు కుళ్ళకుండా, ఉన్న రోగమన్నా పోవాల రాబోయే రోగమన్నా ఆగాల అని. ముట్టుకోవద్దు పాపా, విషం అనేవాడు. మైలుతుత్తంలో ఉండేది రాగి. తొట్టి కొన్న రోజు ఫోనులో షంషుద్దీన్ చెప్పిన మొదటి మాట, రాగిచెంబు గూడా ముంచొద్దు తల్లీ, నత్తా రొయ్యా ఒక్కటి మిగలవు. సుస్తీదాన్ని వేరుచెయ్యి, మిగతావాటిని మందు నీళ్ళలోంచి తోలు. దొంగకు తెలియదు ఈ వరస. మాబున్నికి తెలియదు, అత్తకు కూడా తెలియదు, ఆమె రాజుపాలెం సేద్యగాళ్ళ బిడ్డ. ఈ వరస గొర్ల కాపరికే తెలుసు. ఈ ఇంట్లో గొర్ల కాపరి ఒక్కడే ఉన్నాడు.

ఒకసారి తెల్లవారుజామున మంచినీళ్ళకు లేచినప్పుడు మామను చూసింది. తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు, తువ్వాలు భుజాన, చెయ్యి గడ్డం కింద, మందను చూసే చూపే. అలికిడికి లేచి, ఏం ల్యా, లైటు ఆర్పల్యామో అని చూసినా అన్నాడు. లైటు ఆర్పే ఉంది. అప్పుడు ముచ్చటేసింది. ఇప్పుడు అదే గుర్తొచ్చి కోపమొచ్చింది. మందు వేసినందుకు కాదు, వేస్తాడు, ప్రాణం పోతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు. నిన్న పొద్దున నత్తలు రాలుతుంటే పక్కనే కాఫీ తాగుతూ కూర్చున్నాడు. అత్త మాబున్ని కొంగు దులిపి చూసింది. వీధిపిల్లల ముందు దులిపింది. మాబున్ని ఆయన మొహమే చూసింది, పెద్దనాయన ఒక్క మాట అంటాడని. ఆయన గ్లాసు కింద పెట్టి, రేపు సంత నుంచి వచ్చినాక మాట్లాడదాం అన్నాడు. అంతే. రాజుపాలెం నుంచీ ఎర్రగుంట్ల నుంచీ గొర్రెలకు మందు అడగడానికి ఆయన దగ్గరకు వస్తారు, ఆయన చెయ్యి పడితే చచ్చేది కూడా లేస్తుందంటారు. అట్లాంటి చెయ్యి నత్తల్ని చంపిందని తేలకూడదు. తేలకుండా ఉండటానికి ఒక ఆడమనిషి దొంగ కావాలి. పనిమనిషి కాబట్టి అవుతుంది, సాయిబుల మాబున్ని కాబట్టి ఇంకా తొందరగా అవుతుంది. ఎంత సులువు.

లేచింది. వెనక గొర్లపాకలోకి పోయింది. ఎండ అప్పుడే కొట్టంలోకి దిగుతోంది, కట్టేసిన పొట్టేలు తలెత్తి చూసి మళ్ళీ నెమరువేసుకుంటోంది. మూలన గంప బోర్లించి ఉంది, మీద రాయి కూడా. ఈ మధ్య ఈనిన గొర్రె లేదు, గంప కింద పిల్ల ఉండే పని లేదు. రాయి తీసింది, గంప ఎత్తింది. గొర్రెపిల్లలకు నీళ్ళు పెట్టే బేసిన్. నిండా బోరునీళ్ళు, అడుగున కల్లుప్పు కరగక మిగిలిన రాళ్ళు, పైన తవుడు చల్లి ఉంది. ఉప్పునీళ్ళ చేప కదా అని ఉప్పు వేశాడు, మేత కదా అని తవుడు వేశాడు. తవుడు మధ్యలో నారింజ రంగు వెలిసిపోయి పెద్దచేప పక్కకు తిరిగి తేలుతోంది. ఒక్క క్షణం ఏడుపొచ్చింది, ఎవరికోసమో చెప్పలేకపోయింది, చేపకా, ఆ తవుడుకా.

అక్కడే నిలబడి మహేంద్రకు ఫోను చేసింది. పులివెందుల మండీ గోల, ఎవరో కాటా దగ్గర అరుస్తున్నారు.

"దొరికింది," అంది. "గొర్లపాకలో. గంప కింద."

మండీ గోల దూరమైంది, పక్కకు వచ్చినట్టున్నాడు. అంతసేపు ఎవరు అని అడగలేదు. అడగకపోవడంతోనే తెలిసిపోయింది.

"నీకు తెలుసు," అంది రేణుక.

"పొద్దున బండెక్కుతాంటే చెప్పినాడు. మందు ఎక్కువైనట్టుందిరా అన్న్యాడు." గొంతు తగ్గించాడు. "రేణూ, ఇను. ఇప్పుడు నోరెత్తొద్దు. పనిమనిషి ఇంకొకతి దొరుకుతాది. నాయన ఇంకొకడు దొరకడు."

"మాబున్నికి గూడా మాబున్ని ఒక్కతే."

"పెద్దమాటలు మాట్లాడతాండావు. వీధిలో నాయన తలెత్తుకోవల్లా వద్దా?"

"ఆయమ్మి ఎత్తుకోవద్దా?"

"సాయంత్రం వస్తా. అంతదాకా ఊరుకో. నీకు ఇంకో జత తెప్పిస్తా, ఇంకా పెద్దవి."

ఫోను పెట్టేసింది. ఇంకో జత. ఇంకా పెద్దవి. ఆ మాట దగ్గర ఏదో తెగింది, తెగిన చోట నొప్పి లేదు, తేలికగా ఉంది. ఊరుకో, ఊరుకో. పుట్టినప్పటి నుంచీ ఆ మాట వింటూనే ఉంది, పంచాయితీల్లో ఆడవాళ్ళు తలుపు చాటున నిలబడి ఊరుకోవడం చూస్తూనే పెరిగింది. పంచాయితీలో న్యాయం చెప్పే మనిషే తప్పు చేసినవాడైతే తలుపు చాటున నిలబడ్డ మనిషికి ఎన్ని పనులుంటాయి? ఒకటే. బయటికి రావడం. ఇంట్లోకి పోయి డ్రమ్ములోకి చూసింది, అడుగు తేటగా కనిపించింది, కుడితినీళ్ళు పైపుతో బయటికి వదిలి కొత్తనీళ్ళు స్టీలు చెంబుతో కొంచెం కొంచెం పోసింది, బొగ్గు సంచి వేలాడదీసింది. చిన్నచేప ఒకసారి కిందికి దిగి మళ్ళీ పైకి వచ్చింది. బతుకుతావో లేదో నీ ఇష్టం, నేను చెయ్యాల్సింది చేశాను, ఇంకొకటి మిగిలింది అనుకుంది. బయట ఆటో ఆగింది.

"రామసుబ్బన్నా, సంత యెట్లుండె?" ఎదురింటి ఆదినారాయణ గొంతు. పంచాయితీ అంటే చెప్పకముందే కుర్చీ తెచ్చుకుని వస్తాడు.

"పిల్లలకు గిరాకీ ల్యా. పొట్టేళ్ళు పోయినాయి," అని మామ కాళ్ళు కడుక్కున్నాడు. అరుగు మీద మంచం వాల్చి కూర్చున్నాడు. అత్త చెయ్యి తిప్పుతూ అంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పింది, చేప, ఫినాయిలు, కొంగు. మాబున్ని లేచి నిలబడింది. మామ తువ్వాలుతో మొహం చాలా సేపు తుడుచుకున్నాడు. తర్వాత మెత్తగా అన్నాడు, ఆ మెత్తదనమే రేణుకకు కత్తిలా తగిలింది.

"నువ్వు తీసినావని నేను అనడంల్యామ్మా. అయినా ఇంట్లో అనుమానం పుట్టినాక ఒకరి మొగాలు ఒకరు చూసుకోల్యాం. ఇంకో ఇల్లు చూసుకో."

"దొంగ అని చెప్పి పంపు పెద్దనాయనా, ల్యాకుంటే కాదని చెప్పి పంపు," అంది మాబున్ని. "ఊరికే పంపొద్దు. ఊరికే పోతే నాకు నేనే దొంగనైతా."

ఆదినారాయణ దగ్గాడు. రేణుక వెనక నుంచి బేసిన్ పట్టుకొచ్చి మంచం ముందు నేల మీద పెట్టింది. తొణికిన తవుడునీళ్ళు ఆయన పాదం మీద పడ్డాయి, ఆయన కాలు వెనక్కి తీసుకోలేదు. పక్కనే గంప పెట్టింది. అత్త వంగి చూసి, ఇదేంది, ఈడికెట్లొచ్చింది అంది. రేణుక అత్తను చూడలేదు.

"మామా, నువ్వే చెప్పు," అంది.

ఒక్క అవకాశం. ఇచ్చి తీరాలి అనుకుంది, మెట్ల కింద జాగా చూపించిన మనిషికి ఆ మాత్రం బాకీ ఉంది. ఆయన చేప వైపు చూశాడు. ఆ చూపులో జాలి ఉంది, నిజమైనదే. కళ్ళు ఆదినారాయణ మీదికి పోయాయి, వీధి మీదికి పోయాయి, మళ్ళీ బేసిన్ లోకి వచ్చాయి. రేణుక ఆగింది. చెప్పు మామా. మందేసినా, తప్పయింది అను, నేనే నీ కాళ్ళకు నీళ్ళిస్తా, అన్నం పెడతా, ఈ ఊళ్ళో నిన్ను ఒక మాట అన్నోన్ని నేను అంటా. చెప్పు. వీధిలో మోటారుసైకిలొకటి పోయింది. మామ తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

"ఏం చెప్పాల?" అన్నాడు.

"ఎవరమ్మా తీసింది?" ఆదినారాయణ కుర్చీ ముందుకు జరిపాడు. "తెలిస్తే పేరు చెప్పు. ఊరికే మామ మొగం చూస్తాంటే మాకెట్ల తెలుస్తాది?"

పేరు. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమె నోట మామ పేరు రాలేదు. గుడిలో అర్చనకు అడిగితే మహేంద్ర వైపు చూసింది, బ్యాంకులో అడిగితే కార్డు మీద వేలు పెట్టి చూపించింది, పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని అమ్మ చెప్పింది, అమ్మకు ఆమె అమ్మ చెప్పింది. అత్త కళ్ళు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపుతోంది, వద్దు, వద్దు. మాబున్ని రేణుకనే చూస్తోంది. రేణుక కొంగు నెత్తి మీదికి లాక్కోలేదు, గొంతు తగ్గించలేదు, తల వంచలేదు.

"రామసుబ్బయ్య," అంది, ఎదురింటి వాకిలి దాకా వినబడేటట్టు.